బ్లైత్‌బరో హోలీ ట్రినిటీ చర్చి

ఇంగ్లండు తూర్పు తీరంలోని సఫోక్ కౌంటీలో, బ్లైత్ నది బురదనేలల అంచున ఉన్న ప్రాచీన గ్రామ దేవాలయం. ఊరు చిన్నది, చర్చి చాలా పెద్దది. అందుకే దీన్ని చిత్తడినేలల కెథడ్రల్ అంటారు. 7వ శతాబ్దంలో మెర్సియా రాజు పెండాతో పోరులో మరణించిన తూర్పు ఆంగ్లియా రాజు అన్నాను ఈ ఊళ్లోనే సమాధి చేశారని సంప్రదాయం. ఆ తరువాత ఇక్కడ అగస్టీనియన్ సన్యాసుల మఠం వెలిసింది. చర్చిలోని బలిపీఠ భాగాన్ని తిరిగి కట్టుకోవడానికి రాజు నాలుగో హెన్రీ 1412లో ఆ మఠానికి అనుమతి ఇచ్చాడు. పాత గోపురాన్ని మాత్రం ఉంచి, 15వ శతాబ్దం పొడవునా మిగతా కట్టడాన్ని కొత్తగా లేపారు. కప్పు దూలాలకు రెక్కలు చాచి నిలిచిన కొయ్య దేవదూతలు ఆనాటి వడ్రంగుల పనితనానికి అపురూపమైన సాక్ష్యం. 1537లో మఠం రద్దయింది, చర్చి ఊరివారికి మిగిలింది.

ఈ చర్చి కీర్తిలో సగం 1577 ఆగస్టు 4, ఆదివారంనాటి ఉదయానిదే. ప్రార్థన సాగుతుండగా విరుచుకుపడిన తుపానులో ఒక మగమనిషి, ఒక బాలుడు మరణించారు. లండన్ రచయిత అబ్రహాం ఫ్లెమింగ్ ఆ ఏడాదే వెలువరించిన చిన్న పుస్తకం ఈ చావులను ఒక నల్లకుక్క రూపంలో వచ్చిన సైతానుకు అంటగట్టింది. ఆ కుక్క అదే రోజు పొరుగున ఉన్న బంగే పట్టణపు చర్చిలోనూ చొరబడిందని చెప్పింది. కానీ బంగే చర్చి పద్దుల పుస్తకంలో తుపాను ఉంది, గోపురంలో చనిపోయిన ఇద్దరు ఉన్నారు, కుక్క లేదు. 1587లో వచ్చిన హాలిన్‌షెడ్ చరిత్ర రెండో ముద్రణ సంపాదకుల్లో ఫ్లెమింగ్ కూడా ఉన్నాడు. అందులో సైతం బ్లైత్‌బరో ఘటన ఉరుములూ మెరుపుల తుపానుగానే కనిపిస్తుంది. ఇప్పుడు అందరూ చెప్పుకునే బ్లాక్ షక్ అనే పేరు ఫ్లెమింగ్ పుస్తకంలో లేదు. షక్ అనే ప్రేత శునకం ప్రస్తావన 19వ శతాబ్దం మధ్యలో అచ్చుకెక్కింది. బ్లైత్‌బరో చర్చి ఉత్తర ద్వారంమీది కాలిన మచ్చలు సైతాను గోళ్ల గుర్తులు కావా అని అడగవచ్చు. అయితే కొవ్వొత్తి మంటతో కావాలని కాల్చిన ఇలాంటి గుర్తులు ఇంగ్లండులోని అనేక పాత కట్టడాల కొయ్యమీద కనిపిస్తాయి. కీడు దరి చేరకుండా అలా కాల్చేవారని పరిశోధకులు భావిస్తున్నారు. ఈ తలుపుకీ అదే వివరణ ఎక్కువ పొసుగుతుంది.

రెండో కథ దేవదూతలది. వాటి చుట్టూ దొరికిన సీసపు గుళ్లను పార్లమెంటు తరఫున విగ్రహభంజనానికి వచ్చిన విలియం డౌసింగ్ మనుషులు పేల్చారని చాలాకాలం నమ్మారు. డౌసింగ్ 1644 ఏప్రిల్ 9న ఇక్కడికి వచ్చిన మాట నిజం. ఇరవై దేవదూతలను దింపాలనీ, రెండువందలకు పైగా చిత్రాలను ఎనిమిది రోజుల్లో తొలగించాలనీ ఆదేశించినట్టు తన దినచర్యలో రాసుకున్నాడు. తుపాకుల ప్రస్తావన మాత్రం లేదు. పైగా 20వ శతాబ్దపు మరమ్మతుల్లో బయటపడిన గుళ్లు 18వ శతాబ్దపు రకానివని తేలింది. కప్పులో గూళ్లు పెట్టే జాక్‌డా అనే చిన్న కాకులను కాల్చడానికి మందుగుండు కొన్న ఖర్చు 1761 నాటి చర్చి పద్దుల్లోనే ఉంది. అలాంటప్పుడు డౌసింగ్ కథ వట్టి కల్పన అని కొట్టివేయవచ్చా? కొట్టివేయరాదు. అతను రాకపోతే ఆ కథ పుట్టేదే కాదు. రెండు కథల్లోనూ ప్రజల జ్ఞాపకం జరిగిన క్రియను విడిచిపెట్టలేదు, కర్తను మాత్రం మార్చింది. పిడుగు చోట సైతానునూ, కాకులను కాల్చినవారి చోట డౌసింగ్‌నూ నిలబెట్టింది. పేరు లేని కారణం కన్నా పేరున్న శత్రువు తరతరాలు గుర్తుంటాడు.

డౌసింగ్ తరువాతి రెండు శతాబ్దాలు చర్చికి క్షీణకాలం. శిథిలమైన కట్టడాన్ని 1881లో మూసివేసి, 1884లో తెరిచారు. బాగుచేత పేరుతో పాతదనం చెరిగిపోకూడదని విలియం మోరిస్ స్థాపించిన ప్రాచీన కట్టడాల రక్షణ సంఘం గట్టిగా వాదించింది. ఆ పట్టుదల మెచ్చదగినది. కాలిన తలుపునూ గుళ్లు తగిలిన కొయ్యనూ నున్నగా చెక్కి కొత్తవి చేసి ఉంటే కథలు మిగిలేవి, వాటిని సరిచూసే ఆధారాలు పోయేవి.