స్టెర్నోక్లైడోమాస్టాయిడ్

అద్దము ముందు నిలిచి ముఖమును ఎడమకు త్రిప్పినచో, మెడ కుడివైపున ఱొమ్మెముక కొననుండి చెవి వెనుకకు ఏటవాలుగా ఉబ్బి కన్పట్టెడు కండరమునకు స్టెర్నోక్లైడోమాస్టాయిడ్ అని పేరు. భయము గొల్పు నీ దీర్ఘసమాసమును పదచ్ఛేదము చేసితిమా, ఆ కండరము ఎచ్చట పుట్టి ఎచ్చట ముగియునో ఆ వివరమంతయు నందే దొరకును: గ్రీకున స్టెర్నాన్ వక్షస్సు, క్లైస్ తాళపుచెవి, మాస్టోస్ స్తనము, ఐడోస్ ఆకారము. తాళపుచెవికి మెడతో నేమి పని యందురేమో. మనము జత్రువనెడు ఎముకను గ్రీకులు ఆ పేరనే పిలిచిరి, లాటినువారును దానినే క్లావికులా, అనగా చిన్న తాళపుచెవి, యనిరి. చెవి వెనుక చేతికి తగులు గుబ్బయే స్తనాకారమైన మాస్టాయిడ్.

ఆంగ్లోచ్చారణమున దీనికి అక్షరములాఱు. ఊనిక అయిదవదియగు ‘మాస్’పై బడును. తెలుగు పదమునకు అట్టి ఊనిక లేదు, గురులఘువులే గతి. మన లిపి కెక్కునప్పటికి ‘టాయిడ్’ రెండుగా విడి అక్షరము లేడగును, ఏడును గురువులే! మఱియొక గురువును చేర్చితిమా, విద్యున్మాలా వృత్తమున ఒక పాదమగును. యతిప్రాసల మాట వేఱు.