ల్యాప్‌టాప్‌ను టీవీకి కలపాలా? కేబుల్ కొనే ముందు టీవీ వెనక చూడండి!

మిర్చి రేటు చూడాలన్నా, పిల్లలు ఆన్‌లైన్ క్లాసు వినాలన్నా ల్యాప్‌టాప్ స్క్రీన్ ఇంటిల్లిపాదికీ సరిపోదు. ఇంట్లో టీవీ ఉంటే దానికే కలిపేయొచ్చు. కానీ టీవీ వెనక ఏ పోర్టు ఉందో ముందే చూసుకోవాలి.. లేదంటే కేబుల్ డబ్బులు దండగే.

ఫ్లాట్ టీవీ అయితే: హెచ్‌డీఎంఐ కేబుల్ చాలు. బొమ్మ, సౌండ్ రెండూ అందులోనే వస్తాయి. రిమోట్‌లో సోర్స్ నొక్కి, వైరు పెట్టిన హెచ్‌డీఎంఐ నంబర్ ఎంచుకోండి. ల్యాప్‌టాప్‌లో విండోస్ కీ, పీ కలిపి నొక్కి 'డూప్లికేట్' పెట్టండి.

పాత కంప్యూటర్ అయితే: 1987లో వచ్చిన వీజీఏ పోర్టులో బొమ్మ ఒక్కటే వస్తుంది. సౌండ్‌కు వేరే ఆడియో వైరు వేసుకోవాల్సిందే.

డబ్బా టీవీ అయితే: ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులే ఉంటాయి. ఉత్త వైరుతో పని జరగదు, 'హెచ్‌డీఎంఐ టు ఏవీ' కన్వర్టర్ అడగండి. 'ఏవీ టు హెచ్‌డీఎంఐ' అని ఉంటే అది ఉల్టా.. తీసుకోవద్దు. దీంట్లో వీడియోలు పర్వాలేదు కానీ చిన్న అక్షరాలు మసకబారతాయి.

సౌండ్ రాకపోతే: కంప్యూటర్‌లో స్పీకర్ గుర్తు నొక్కి టీవీ పేరు ఎంచుకోండి.

అంచులు కట్ అయితే: టీవీ పిక్చర్ సెట్టింగ్స్‌లో స్క్రీన్ సైజు మార్చండి.

మార్కెట్ యార్డుల ధరలు చూపించే ఈ-నామ్ 2016 ఏప్రిల్ 14న మొదలైంది. గుంటూరు యార్డుకు మిర్చి తోలే ముందు ఆ వెబ్‌సైట్‌ను టీవీలో పెడితే.. అమ్మాలా, ఆగాలా అన్నది ఇంట్లో అందరూ చూసి మాట్లాడుకోవచ్చు.