రెండో తాడు

మా ఆరంతస్తుల మేడకి రంగులు వేస్తున్నారు. మొన్న వంటింటి కిటికీ అవతల ఓ కుర్రాడు చెక్క పలకమీద కూర్చుని వేలాడుతూ కనిపించేసరికి నా చేతిలో గరిటె ఆగిపోయింది. అతన్ని మోస్తున్నది ఒక్కటే తాడు!

వాషింగ్టన్ స్మారకస్తంభం గుర్తొచ్చింది నాకు. 1884లో పూర్తయిన 555 అడుగుల రాతికట్టడం అది. 2011 ఆగస్టు 23న భూకంపం వచ్చి పైభాగాన రాళ్లు బీటలు వారాయి. పరంజా కట్టేముందు అసలు ఎక్కడెక్కడ దెబ్బ తగిలిందో తెలియాలి కదా! అందుకని సెప్టెంబరులో మొదలుపెట్టి ఇంజనీర్లే పైనించి తాళ్లమీద దిగుతూ గోడలన్నీ పరీక్షించారు. వాళ్లలో ఒక స్త్రీ కూడా ఉందండోయ్! ఒకరోజు ఈదురుగాలి ఒకాయన్ని ముప్పై అడుగుల దూరం ఊపేసింది. అయినా క్షేమంగా బయటపడ్డాడు.

ఈ పనిలో ఉన్న కిటుకల్లా ఒకటే. మనిషికి రెండు తాళ్లు, వేరువేరు చోట్ల కట్టినవి. ఒకటి పనికి, రెండోది ప్రాణానికి. మరమ్మతులు ముగిసి 2014 మే 12న ఆ స్తంభాన్ని మళ్లీ జనానికి తెరిచారు.

నూతిలో చేంతాడు తెగితే పోయేది బిందె. గాలం వేసి తీసుకోవచ్చు. ఈ తాడు తెగితే?

మేస్త్రీనే అడిగాను. "రెండో తాడుకి డబ్బెవరిస్తారమ్మా?" అన్నాడు.

రంగులకి చందాలిచ్చిన మేమే! నా వంతు అప్పుడే ఇచ్చేశాను. పని ఆపించి, మిగతా ఇళ్ల తలుపులు తట్టడానికి బయల్దేరాను.