నడిమి పేరు

హైదరాబాదులో గాంధీనగర్, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ఇళ్ళలో ఈమధ్య తాతయ్యలకూ అమ్మమ్మలకూ ఒక కొత్త పని పడుతోంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న కూతురు ఫోన్ చేసి, పాపకి పేరు ఖాయం చేసుకున్నామనీ, దానికి నప్పే మిడిల్ నేమ్ ఒకటి చెప్పమనీ అడుగుతుంది. పిలిచే పేరు వాళ్ళే పెట్టుకున్నారు: మహతి, మేఘన, ఆద్య, అనన్య. ఇంటిపేరు ఎటూ ఉండనే ఉంది. ఆస్పత్రి ఇచ్చిన కాగితంలో ఆ రెంటి మధ్య గడి ఒకటి మిగిలిపోయింది. పెద్దవాళ్ళు తడుముకుంటారు. ఇంటిపేరు, ముద్దుపేరు, మారుపేరు, జన్మనామం అన్నీ తెలుసు గాని, ఈ గడికి తెలుగులో స్థిరపడిన మాట లేదు.

మాట లేదు గాని వస్తువు ఉంది. వెంకటలక్ష్మిలో వెంకట, నాగమణిలో నాగ, దుర్గాభవానిలో దుర్గ. మనం దాన్ని విడిగా లెక్కపెట్టలేదు, అంతే. నేను దాన్ని 'నడిమి పేరు' అంటాను. తెలంగాణలో ముగ్గురు అక్కచెల్లెళ్ళ మధ్య పిల్ల 'నడిపిది'. నడుము, నడుమ, నడిమి అన్నీ ఒక్క మూలంలోంచి వచ్చినవే. తమిళంలోనూ కన్నడంలోనూ 'నడు' అంటే మధ్య. ఇక 'పేరు' తమిళంలో 'పెయర్', పాత కన్నడంలో 'పెసర్', ఇప్పుడు 'హెసరు'. అదే ఉచ్చారణతో పాత తెలుగులో ఇంకో 'పేరు' కూడా ఉంది. దానికి దండ, సరం అని అర్థం. ముత్యాల పేరు అనేవారు. ఈ రెండూ ఒకే ధాతువు అని నేను అనను. కానీ పేర్లను గుచ్చినట్టు ఒకదాని పక్కన ఒకటి చేర్చే మన అలవాటు చూస్తే, ఆ రెండో అర్థం గుర్తుకు రాక మానదు.

ఇంగ్లీషు వరసలో ముందు పిలిచే పేరు, తర్వాత నడిమిది, చివర ఇంటిపేరు. మనకు ఇంటిపేరు ముందు, పిలిచే పేరు చివర. కాబట్టి మన నడిమి పేరు పిలుపుకి వెనకాల తోకలా రాదు, ముందు నిలబడి దానికి విశేషణం అవుతుంది. వెంకటలక్ష్మి అంటే వేంకటాచలం మీది లక్ష్మి. వేంకటం మొదట కొండ పేరు. అందుకే మగపిల్లలకైనా ఆడపిల్లలకైనా అది ఇమిడిపోతుంది.

ఈ చిన్న మాటల వెంట వెళితే మొక్కులన్నీ పటంలా కనిపిస్తాయి. అప్పలనరసమ్మ అంటే సింహాచలం, పైడితల్లి అంటే విజయనగరం. సత్య, వీర అని మొదలైతే అన్నవరం వీరవెంకట సత్యనారాయణస్వామి. కనకదుర్గ అంటే బెజవాడ. తెలంగాణలో మాత్రం చాలా ఇళ్ళలో దేవుడు నడుమ ఆగలేదు, నేరుగా పిలుపులోకే వచ్చేశాడు: యాదగిరిగుట్ట నుంచి యాదమ్మ, కొమురవెల్లి నుంచి కొమురమ్మ, మల్లమ్మ, వేములవాడ నుంచి రాజమ్మ, రాజవ్వ. బెంగుళూరు నాగరత్నమ్మ పేరు చూడండి. తిరువయ్యారులో త్యాగయ్య సమాధికి గుడి కట్టించిన ఆ గాయని పేరులో ఊరు, నాగదేవత, రత్నం, అమ్మ నాలుగూ వరసగా ఉన్నాయి. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో పాట వినే ప్రతివాళ్ళూ ఆవిడకి రుణపడినవాళ్ళే.

ఇక ఆడపిల్ల సంగతి. మగపిల్లాడి ఇంటిపేరు మారదు. ఆడపిల్లకి పెళ్ళితో ఇంటిపేరు మారడం మన ఆచారమైంది. మారిన తర్వాత పుట్టింటిది ఏం మిగులుతుంది? నడిమి పేరూ, పిలుపూ. పిలుపు కొత్తగా కట్టిన మాట, అందులో పాతవాళ్ళెవరూ ఉండరు. నడుమ అమ్మమ్మ పేరు ఉంటే అది అత్తారింటికీ, అమెరికాకీ కూడా వెంట వెళుతుంది. నారాయణగూడ, కాచిగూడల్లో తరతరాలుగా ఉన్న మరాఠీ కుటుంబాల్లో ఆడపిల్లకి నడుమ తండ్రి పేరు రాస్తారు, పెళ్ళయ్యాక ఆ చోట భర్త పేరు వస్తుంది. మనకి ఆ చోటు మారదు. మారని చోటు ఆడపిల్లకి దొరకడం అరుదు. దాన్ని చెవికి ఇంపైన ఏదో ఒక మాటతో నింపడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. నడుమ ఏ మాట బాగుంటుందని వెతికే ముందు, ఎవరి పేరు నిలబెట్టాలని ఆలోచించాలి.

ఇంపు అక్కర్లేదని కాదు. పెద్దవాళ్ళ పేర్లు మొరటుగా ఉంటాయని పిల్లలు జంకుతారు. సుబ్బమ్మ, కనకమ్మ, రత్నమ్మ, రాజమ్మ, సీతమ్మ. ఇందులోంచి 'అమ్మ'ని తీసి చూడండి. సుబ్బ, కనక, రత్న, రాజ, సీత మిగులుతాయి. గురులఘువులు తెలిసినవాళ్ళకి వెంటనే తడుతుంది: సుబ్బ, రత్న, రాజ, సీత అన్నీ గురువు తర్వాత లఘువు, అంటే హగణం. కనక మూడు లఘువులు, నగణం. ఈ రెండే ఆటవెలదిలో, తేటగీతిలో వచ్చే సూర్యగణాలు. నాగ, సత్య, దుర్గ, సాయి, వీర, హేమ హగణాలే. లలిత, కమల నగణాలే. ఎవరూ గణాలు కట్టి పేర్లు పెట్టలేదు. పద్యాన్ని నడిపించిన చెవే పేర్లనూ నడిపించింది. రత్నమేఘన, సీతామహతి, కనకమహతి అని పైకి అనండి, ఎక్కడా నాలుక తడబడదు.

తడబడేది అచ్చుతో మొదలయ్యే పేర్ల దగ్గర. మన నడిమి పేర్లు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి అచ్చూ అచ్చూ గుద్దుకుంటాయి. సాయి అనన్య నోట్లో పడితే సాయనన్య అవుతుంది. దుర్గ ఆద్య దుర్గాద్య అయి, దుర్గా మిగలదు, ఆద్యా మిగలదు. అలాంటప్పుడు వరస తిప్పి ఆద్యరత్న, అనన్యలక్ష్మి అనడం మేలు. మూడో అంతస్తు బాల్కనీలోంచి కింద ఆడుకుంటున్న పిల్లని కేకేస్తే మన నోరు చివరి అచ్చుని సాగదీస్తుంది: ఆద్యరత్నా! ఆ సాగదీతకి నిలబడిన పేరు ఎక్కడైనా నిలబడుతుంది.

అశోక్‌నగర్‌లో జిరాక్స్ షాపుల ముందు, సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల ఈ నడిమి పేరు ఇంకో రూపంలో కనబడుతుంది. గ్రూప్స్ పరీక్షలకి దరఖాస్తు నింపే అమ్మాయి పేరు టెన్త్ మెమోలో నాగలక్ష్మి అని కలిపి ఉంటుంది, ఆధార్‌లో నాగ, లక్ష్మి విడివిడిగా. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా, అదీ చివర. తెలుగులో సమాసం చేసిన చోట ఇంగ్లీషు కాగితం ఖాళీ వదిలింది. 'మెమోలో ఉన్నట్టే వెయ్యండి' అని షాపులో ప్రతి పది నిమిషాలకీ వినబడుతుంది. మన పాస్‌పోర్ట్ దరఖాస్తులో నడిమి పేరుకి వేరే గడి కూడా లేదు, ఇంటిపేరు కానిదంతా ఒకే గడిలోకి పోతుంది. అందుకని మొదటిరోజే కలిపి ఒక్క మాటగా రాయించండి. సంఖ్యాశాస్త్రం పేరుతో స్పెల్లింగులో అదనపు అక్షరాలు దూర్చకండి. ఆ అక్షరాలకి తర్వాత కష్టపడేది ఆ పిల్లే.

ఆడపిల్ల పూర్తి పేరు కాగితం మీదికి రావడానికి ఈ పేటల పక్కనే ఒక దారి పడింది. ప్రభుత్వ బడుల్లో ఉర్దూ రాజ్యమేలిన నిజాం కాలంలో, 1928లో మాడపాటి హనుమంతరావుగారు తెలుగు ఆడపిల్లల కోసం బడి పెట్టారు. నారాయణగూడలోని ఆ బడి ఇప్పుడు ఆయన పేరుతోనే ఉంది. ఊళ్ళో ఫలానావారి అమ్మాయిగా సరిపోయే పిల్లకి బడి రిజిస్టరులో తనదైన పేరు కావాలి.

మన దేశంలో పుట్టిన పిల్లకైతే, 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పేరు లేకుండానే పుట్టుక నమోదు చేయించి, ఏడాదిలోగా రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి బడిలో చేరడానికీ, పాస్‌పోర్టుకీ, ఆధార్‌కీ పుట్టిన తేదీ, చోటు చూపడానికి జనన ధ్రువపత్రమే ఆధారం. తొందరేం లేదు, ఒకసారి రాశాక మార్చడమే కష్టం. ఈలోగా మీ అమ్మగారికి ఫోన్ చేసి, వాళ్ళ అమ్మ పేరేమిటో, ఆవిడ అమ్మ పేరేమిటో అడిగి రాసుకోండి.