ఏ బండి కదలాలి?

మంట లేచాక ఎవరిని పంపాలా అని ఆలోచించడం మొదలుపెడితే అప్పటికే ఆలస్యం. అందుకే అమెరికా నగరాలు ఆ నిర్ణయాన్ని నిప్పు అంటుకోకముందే, తీరిగ్గా కూర్చుని, కాగితం మీద రాసి పెట్టుకోవడం నేర్చుకున్నాయి. దానికి పునాది బోస్టన్‌లో పడింది.

విలియం చానింగ్ అనే డాక్టరు, మోసెస్ ఫార్మర్ అనే ఇంజనీరు కలిసి రూపొందించిన ఇనప పెట్టెలు 1852 ఏప్రిల్‌లో ఆ ఊరి వీధుల్లో పనిచేయడం మొదలుపెట్టాయి. పెట్టెలోని పిడి తిప్పితే, మంట ఏ పేటలో ఉందో తెలిపే అంకెలు టెలిగ్రాఫ్ తీగ వెంట కేంద్ర కార్యాలయానికి చేరతాయి. అక్కణ్ణుంచి ఊళ్లో గంటలు మోగిస్తారు. మొట్టమొదటి కబురు పంపినాయన కంగారులో పిడిని గిరగిరా తిప్పేశాడు. సంకేతం అవతలివాళ్లకు అర్థం కాలేదు. చివరికి ఆయనే స్వయంగా వెళ్లి చెప్పాల్సి వచ్చింది.

పెట్టెకో నంబరు వచ్చాక, నంబరుకో కార్డు వచ్చింది. నా దృష్టిలో అసలు ఘనత ఈ కార్డుదే. ఫలానా పెట్టె మోగితే మొదటి అలారానికి ఏ ఇంజన్లు, ఏ నిచ్చెన బండ్లు కదలాలో ఒక వరసలో ఉంటుంది. ముందు చేరిన అధికారికి ఇది మావల్ల కాదు అనిపిస్తే రెండో అలారం. అప్పుడు రెండో వరసలోని వాళ్లు బయల్దేరతారు. అలా ఐదో అలారం దాకా. అందరూ ఒకచోటికే పోతే ఖాళీ అయ్యే స్టేషన్లలోకి దూరం నుంచి ఎవరొచ్చి కాచుకోవాలో కూడా న్యూయార్క్ కార్డుల మీద రాసి ఉండేది. ఇంకో మంట మొదటిది ఆరేదాకా ఆగదు కదా!

అయితే నంబరు తప్పితే కార్డు ఏం చేయలేదు. 1871 అక్టోబర్ 8 రాత్రి, షికాగో కోర్టు గోపురం మీది కావలిమనిషి దూరం సరిగ్గా పోల్చుకోలేక 342వ పెట్టె నంబరు మోగించమన్నాడు. అసలు మంటకూ ఆ పెట్టెకూ మధ్య దాదాపు ఒక మైలు. కాసేపటికి పొరపాటు గ్రహించి మార్చమన్నాడు. కింద ఉన్న టెలిగ్రాఫ్ ఆపరేటర్ ఒప్పుకోలేదు. బండ్లు ఎలాగూ ఆ దారినే పోతాయి, ఇప్పుడు మారిస్తే గందరగోళమవుతుందన్నాడు. ఆ అగ్నిప్రమాదంలో సుమారు 300 మంది చనిపోయారు, లక్షమందికి నిలువ నీడ లేకుండా పోయింది. ఎండిన చెక్క ఇళ్లు, ఈదురుగాలి తోడయ్యాయి కనుక నేరమంతా ఆ ఇద్దరిదే అనడం అన్యాయం. కానీ దగ్గరివాళ్లకు అందాల్సిన పిలుపు దూరానికి పోయిన మాట నిజం. మరుసటేడు బోస్టన్‌లో ఇబ్బంది ఇంకోలా వచ్చింది: ఉత్తుత్తి అలారాల బెడదకు పెట్టెలకు తాళాలు వేశారు, 776 భవనాలు కాలిన ఆ రాత్రి తాళంచెవి దొరికేసరికి ఆలస్యమైంది.

వందేళ్ల తర్వాత కార్డుకు గణితం తోడైంది. 1968లో న్యూయార్క్ నగరం రాండ్ అనే పరిశోధన సంస్థ నిపుణులను పిలిచింది. ఒక ప్రాంతంలో ఖాళీగా ఉన్న బండ్లు నాలుగింతలైతే, దగ్గరి బండి సగటున ప్రయాణించే దూరం సగమవుతుందని వాళ్లు తేల్చారు. ఉత్తుత్తి అలారాలు ఎక్కువగా వచ్చే పెట్టెలకు తక్కువ బండ్లు పంపమన్నారు. ఇక్కడిదాకా మంచి పనే. కానీ 1970లలో డబ్బు కరువై నగరం స్టేషన్లు మూసేటప్పుడు ఇలాంటి లెక్కలనే ఆధారం చేసుకుంది. మూతపడిన వాటిలో బ్రాంక్స్ లాంటి పేదల పేటలవీ ఉన్నాయి. పటం మీద దగ్గరగా కనబడే బండి అక్కడ చాలాసార్లు అప్పటికే వేరే మంట దగ్గర ఉండేది. పరిశోధకులు రోడ్రిక్ వాలస్, డెబొరా వాలస్ ఈ లెక్కలను ఏళ్ల తరబడి తప్పుపట్టారు. నేను వాళ్ల పక్షమే. ఎవరి ఇంటికి ఎంత త్వరగా సాయం అందాలన్నది దూరం ఒక్కటే కొలిచి తేల్చే విషయం కాదు.

ఇప్పుడు అమెరికాలో అగ్నిమాపక దళాలకు వచ్చే పిలుపుల్లో ఎక్కువ భాగం గుండెనొప్పులు, ఆయాసాలు, పడిపోవడాలే. అందుకూ కార్డులున్నాయి. 1970ల చివర సాల్ట్ లేక్ సిటీలో డాక్టర్ జెఫ్ క్లాసన్ వాటిని తయారుచేశాడు. ఫోన్ ఎత్తినవాళ్లు, రోగి మెలకువగా ఉన్నారా, ఊపిరి ఆడుతోందా అని వరసగా అడుగుతారు. జవాబును బట్టి ఎవరు వెళ్లాలో, సైరన్ మోగిస్తూ వెళ్లాలో మామూలుగా వెళ్లాలో తేలుతుంది. సిబ్బంది చేరేలోపు ఫోన్ చేసినవాళ్లతో ఏం చేయించాలో కూడా ఆ పద్ధతిలోనే ఉంది.