తెర మెరిసింది, తెలుగు ఆలస్యంగా వచ్చింది

జి. కొండూరు నుంచి మైలవరం మీదుగా నూజివీడు దాకా దారికి రెండు వైపులా మామిడి తోటలే. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టర్ కాయలు ఇక్కడి నుంచే నున్న మార్కెట్‌కు తరలుతాయి. ఈ తోటల్లో తిరిగే ఉద్యాన సిబ్బంది చేతిలో ఒకప్పుడు అడంగల్ కాగితాలు ఉండేవి, ఇప్పుడు ట్యాబో ఫోనో ఉంటోంది. ప్రభుత్వ రికార్డులో పంట ఎక్కించే ఈ-క్రాప్ నమోదు కోసం తోటలోకి వెళ్లాలి, సర్వే నంబరు సరిచూడాలి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలతో సహా పంట ఫొటో తీయాలి. మధ్యాహ్నం ఎండ అద్దం మీద పడితే అక్షరం కనిపించదు. సిగ్నల్ అందక యాప్ ఆగిపోతే అక్షరం కనిపించినా పని జరగదు. ట్యాబ్‌కు మంచి తెర ముఖ్యమా, మంచి సాఫ్ట్‌వేర్ ముఖ్యమా అన్న ప్రశ్న ఇక్కడ పూట గడిచే పనికి సంబంధించినది.

ఈ ప్రశ్నకు యాభై ఏళ్ల వయసుంది. 1972లో అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో పనిచేస్తున్న అలాన్ కే, పిల్లలు చంకలో పెట్టుకుని తిరిగే పుస్తకమంత కంప్యూటర్‌ను కాగితం మీద ఊహించాడు. దానికి డైనాబుక్ అని పేరు పెట్టాడు. చంకలో ఇమిడేంత పలచని, తేలికైన తెర అప్పటికి అందుబాటులో లేదు. అందుకని ఆయన బృందం చేత మోసుకెళ్లలేని ఆల్టో యంత్రంతో సరిపెట్టుకుని, స్మాల్‌టాక్ అనే సాఫ్ట్‌వేర్ రాసుకుంది. అంటే మొట్టమొదట వెనకబడింది తెరే. ఆలోచన సిద్ధంగా ఉంది, దాన్ని చూపించే అద్దం లేదు.

1989లో జెఫ్ హాకిన్స్ రూపొందించిన గ్రిడ్‌ప్యాడ్ వచ్చింది. నలుపు తెలుపు తెర, దాని మీద రాయడానికి ఒక కలం. పోలీసులు, గోదాముల సిబ్బంది, సరుకు లెక్కలు రాసేవాళ్లు దాన్ని వాడారు. ఫారాలు నింపడమనే ఒక్క పనికి సాఫ్ట్‌వేర్‌ను మలిచారు కాబట్టే ఆ మసక తెరతోనూ అది నిలబడింది. మామిడి తోటలో ఈ-క్రాప్ నమోదు చేసేవారికి ఇది ముత్తాత లాంటి యంత్రం.

నాలుగేళ్ల తర్వాత, 1993లో ఆపిల్ తెచ్చిన న్యూటన్ అంతకంటే పెద్ద మాట ఇచ్చింది. చేతిరాతను చదివేస్తానంది, చదవలేకపోయింది. తర్వాతి రూపాల్లో చాలావరకు బాగుపడినా, మొదటి ఏడాది వచ్చిన చెడ్డపేరు పోలేదు. 1998లో ఆపిల్ దాన్ని ఆపేసింది. 2002 నవంబరులో మైక్రోసాఫ్ట్ టాబ్లెట్ పీసీని దింపినప్పుడు రంగుల తెర ఉంది, కలం ఉంది, ఖరీదూ గట్టిగానే ఉంది. కానీ లోపలున్నది మౌసు కోసం పుట్టిన విండోస్. వేలి కొనకు అందనంత చిన్న బటన్ల మీద కలంతో గురిచూసి పొడవాల్సి వచ్చేది.

2010 ఏప్రిల్ 3న అమెరికా దుకాణాల్లోకి వచ్చిన ఐప్యాడ్ తెర, సాఫ్ట్‌వేర్ అనే ఈ రెండు దారులనూ కలిపింది. వేలి స్పర్శను పట్టే గాజు తెర, వేలి కోసమే రాసిన సాఫ్ట్‌వేర్. 9.7 అంగుళాల ఆ తెరలో ఉన్నది 1024×768 చుక్కలు (పిక్సెళ్లు) మాత్రమే, అంటే అంగుళానికి 132. ఈ అంకె గుర్తుంచుకోదగ్గది. ఎందుకంటే ఏడాదిన్నర తర్వాత దాదాపు ఇదే అంకెతో ఇంకో ట్యాబ్ వచ్చింది, దాని కథ పూర్తిగా వేరు.

2011 అక్టోబరు 5న అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో ఆవిష్కరించిన ఆకాశ్ అది. డేటావిండ్ సంస్థ తయారు చేయించింది, విడిభాగాలను కూర్చింది హైదరాబాద్‌లోని క్వాడ్ ఎలక్ట్రానిక్స్. ఏడు అంగుళాల తెర, 800×480 చుక్కలు. లెక్క వేస్తే అంగుళానికి 133. చుక్కల సాంద్రతలో అది ఐప్యాడ్‌తో సరిసమానం. ధర మాత్రం రెండు వేల మూడు వందల రూపాయల లోపే. అయినా ఆ తెర మీద వేలు నొక్కి నొక్కి లాగాల్సి వచ్చేది, ఎందుకంటే దానిది ఒత్తిడిని పట్టే రెసిస్టివ్ తెర. లోపలి ప్రాసెసర్ వేగం 366 మెగాహెర్ట్జ్, మెమరీ 256 మెగాబైట్లు. గూగుల్ యాప్ దుకాణం లేదు, దాని బదులు గెట్‌జార్ అనే వేరే దుకాణం ఉండేది. 2012 నవంబరు 11న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ విడుదల చేసిన ఆకాశ్-2లో స్పర్శతో పనిచేసే కెపాసిటివ్ తెర పెట్టి మొదటి తప్పును దిద్దారు. తెర నాణ్యత అంటే చుక్కల లెక్క ఒక్కటే కాదని, వేలు చెప్పేది అద్దానికి అర్థం కావడం కూడా అందులో భాగమేనని ఆ రెండు ట్యాబ్‌లను పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

మొదటి ఆకాశ్‌లో తెలుగువారికి ఇంకో లోటు ఉంది. అందులోని ఆండ్రాయిడ్ 2.2కు స్వతహాగా తెలుగు ఫాంటు లేదు. హైదరాబాద్‌లో కూర్చిన ట్యాబ్‌కు ఆధారమైన సాఫ్ట్‌వేర్ తెలుగు పేజీని తెరిస్తే వరుసగా గడులు చూపించే రోజులవి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు వచ్చింది. 2006 నుంచి లేఖిని లాంటి ఉపకరణాలతో వేలమంది తెలుగులో టైపు చేస్తున్నారు. అయినా చేతిలో పట్టుకునే యంత్రాలు మాత్రం మళ్లీ మొదటికి వచ్చాయి.

ఆ గండాన్ని దాటించింది ఓ చిన్న సాఫ్ట్‌వేర్ ఉపాయం. ఒపెరా మినీ బ్రౌజర్ సెట్టింగుల్లో సంక్లిష్ట లిపులకు బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడమనే ఒక ఎంపిక ఉండేది. అది నొక్కితే ఎక్కడో ఉన్న సర్వరు తెలుగు అక్షరాలను బొమ్మలుగా గీసి పంపేది. తెరా అదే, ఫోనూ అదే, ఫాంటు మాత్రం లేదు. అయినా పేపరు చదువుకోగలిగారు. ఒకరికొకరు చెప్పుకుంటూ ఈ చిట్కాను ఊళ్లకు చేర్చిన తెలుగువాళ్లు లెక్కకు మిక్కిలి. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1తో తెలుగు, కన్నడ, మలయాళ లిపులు వ్యవస్థలోనే చేరాయి. 2014లో ఆండ్రాయిడ్ 5.0తో మెనూలు కూడా తెలుగులోకి వచ్చాయి.

అలాగని తెర పాత్రను తీసిపారేయడానికి వీల్లేదు, తెలుగు విషయంలో మరీ వీల్లేదు. ఇంగ్లీషు అక్షరాలు ఒక వరుసలో నడుస్తాయి. తెలుగు అక్షరం పైన గుడి, కింద వత్తు, ఆ వత్తు కింద ఇంకో వత్తు మోస్తుంది. 'స్త్రీ', 'రాష్ట్రం', 'లక్ష్మి' రాయాలంటే ఒకే అక్షరం ఎత్తులో మూడంతస్తులు పట్టాలి. దకు, ధకు తేడా ఒక చిన్న గీత. డకు, ఢకూ అంతే. చుక్కలు పలచగా ఉన్న తెర మీద అక్షరాన్ని చిన్నది చేస్తే ఆ గీతలు కలిసిపోయి మరకలవుతాయి. అందుకే 2012 మార్చిలో మూడో తరం ఐప్యాడ్ అంగుళానికి 264 చుక్కలతో వచ్చినప్పుడు, స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు చదివేవారికి అది నిజమైన మేలు చేసింది. రాజ్ రెడ్డి లాంటివారి చొరవతో సాగిన మిలియన్ బుక్స్ ప్రాజెక్టు, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఎన్నో తెలుగు పుస్తకాలను బొమ్మల రూపంలో భద్రపరిచాయి. బొమ్మగా ఉన్న పేజీని ఫాంటు కాపాడలేదు, దానికి తెరే దిక్కు.

అయితే అదే ఏడాది చివర గూగుల్ తెచ్చిన నెక్సస్ 10 తెర ఐప్యాడ్ కంటే మెరుగు: 2560×1600 చుక్కలు. అంత గొప్ప తెర మీద ఫోను కోసం చేసిన యాప్‌లే సాగదీసినట్టు కనిపించేవి. పెద్ద తెరల కోసం ప్రత్యేకంగా ఆండ్రాయిడ్ 12ఎల్‌ను గూగుల్ విడుదల చేసింది 2022 మార్చిలో, దాదాపు పదేళ్ల తర్వాత.

ఎండలో కనిపించే తెర కోసం కూడా ఒకసారి గట్టి ప్రయత్నం జరిగింది. పేద పిల్లల కోసం 2007లో తయారైన ఓఎల్‌పీసీ ల్యాప్‌టాప్‌కు మేరీ లూ జెప్సన్ ఓ తెర రూపొందించింది. మామూలు తెర ఎండలో వెలవెలబోతే ఇది సూర్యకాంతినే వాడుకుని నలుపు తెలుపులో స్పష్టంగా కనిపించేది. ఆమె స్థాపించిన పిక్సెల్ చీ సంస్థ తెరతో భారతీయ యువకుల సంస్థ నోషన్ ఇంక్ 2011 ఆరంభంలో ఆడమ్ అనే ట్యాబ్ అందించింది. మామిడి తోటకు, వరి చేనుకు అంతకంటే తగిన అద్దం అప్పట్లో మరొకటి లేదు. కానీ ఆండ్రాయిడ్ మీద వాళ్లు సొంతంగా అల్లిన సాఫ్ట్‌వేర్ అరకొరగా ఉండటంతో కొన్నవారు విసిగిపోయారు. సాఫ్ట్‌వేర్ చతికిలబడితే రైతుకు పనికొచ్చే తెర కూడా దానితోపాటే మరుగున పడుతుందని ఆడమ్ చూపించింది.

కిండిల్‌ది మరో రకం పాఠం. కళ్లకు శ్రమలేని ఈ-ఇంక్ తెర దానిది, ఎండలో కాగితంలా కనిపిస్తుంది. 2016 డిసెంబరులో అమెజాన్ ఐదు భారతీయ భాషల పుస్తకాలను కిండిల్‌లో ప్రవేశపెట్టింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు ఆ జాబితాలో లేదు. కోట్ల మంది చదువరులున్న భాషకు చదవడానికి అత్యుత్తమమైన తెర ఉండీ తలుపు తెరుచుకోలేదు.

2018 ఫిబ్రవరిలో అయితే ఆపిల్ ఫోన్లు, ఐప్యాడ్‌లు, వాచ్‌లు ఒక్క తెలుగు అక్షరానికి కుప్పకూలాయి. 'జ్ఞా'లో కంటికి కనిపించని ఒక సంకేతం చేరితే ఆ సందేశం తెరిచిన యాప్ మూతపడేది, నోటిఫికేషన్‌లో వస్తే ఏకంగా ఫోనే మొరాయించేది. లోకమంతా మెచ్చిన ఆపిల్ రెటీనా తెరల వెనక తెలుగు లిపిని పేర్చే సాఫ్ట్‌వేర్‌కు సరైన పరీక్ష జరగలేదు. ఫిబ్రవరి 19న వచ్చిన ఐఓఎస్ 11.2.6 దాన్ని సరిదిద్దింది. ప్రపంచ పత్రికలన్నీ ఆ వారం తెలుగు పేరు తలుచుకున్నాయి, అదీ ఒక లోపం వల్ల.

ఇక నూజివీడు ప్రాంతం చదువులోకి యంత్రం ముందే వచ్చింది. 2008లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం తన నూజివీడు ప్రాంగణంలో గ్రామీణ విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చి, పాఠాలను ప్రాంగణపు నెట్‌వర్క్ మీద పెట్టింది. యంత్రం, పాఠం, పాఠం చెప్పే మనిషి ఒకే ఆవరణలో ఉండటం అక్కడి బలం.

పద్నాలుగేళ్ల తర్వాత ఆ ఆలోచన రాష్ట్రవ్యాప్తమైంది. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభించారు. 4,59,564 మంది పిల్లలకు, 59,176 మంది ఉపాధ్యాయులకు కలిపి 5,18,740 శాంసంగ్ ట్యాబ్‌లు. 8.7 అంగుళాల తెర, అంగుళానికి దాదాపు 180 చుక్కలు. వత్తులు చదవడానికి ఇబ్బంది లేదు, వేలి స్పర్శకు లోటు లేదు. ఇంటర్నెట్ లేకున్నా తెరుచుకునేలా బైజూస్ అనే ఆన్‌లైన్ పాఠాల సంస్థ పాఠాలు ముందే నింపారు. ట్యాబ్‌ల విలువ దాదాపు 690 కోట్ల రూపాయలైతే, సంస్థ ఉచితంగా ఇస్తున్న పాఠాల విలువ దాదాపు 780 కోట్లని ప్రభుత్వం ప్రకటించింది. ఆ లెక్క ప్రకారమే అద్దం కంటే అందులో ఉన్నది ఖరీదైనది. ఏడాది తర్వాత అదే తేదీన అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండో విడత మొదలైంది.

2024 జులై 16న బెంగళూరులోని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్, క్రికెట్ బోర్డు బీసీసీఐ బకాయిల కేసులో బైజూస్‌ను దివాలా ప్రక్రియలోకి పంపింది. మొదటి విడతలో ట్యాబ్ అందుకున్న పిల్లలు అప్పటికి పదో తరగతికి వచ్చారు. వాళ్ల చేతుల్లోని తెరలకు ఆ ఉత్తర్వు వల్ల ఏ హానీ జరగలేదు. పాఠాలు మారిన సిలబస్‌కు తగ్గట్టు తాజా అవుతాయా, తప్పులు దిద్దేదెవరు, కొత్త పాఠం చేర్చేదెవరు అన్నవే ప్రశ్నలయ్యాయి.

తెరకు, సాఫ్ట్‌వేర్‌కు అసలు తేడా ఇక్కడే ఉంది. తెర కొన్న రోజున ఎలా ఉందో చివరిదాకా అలాగే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ కొన్న తర్వాత బాగుపడగలదు, పాడవగలదు, దిక్కులేనిదీ కాగలదు. 2024 మేలో ఆపిల్ రెండు పొరల ఓఎల్‌ఈడీ తెరతో కొత్త ఐప్యాడ్ ప్రో తెచ్చింది. ఆరుబయట కూడా కనిపించే 1000 నిట్ల వెలుగు ఆ తెరది. సమీక్షకులు దాన్ని ఆకాశానికెత్తుతూనే, లోపలి సాఫ్ట్‌వేర్ దానికి తగ్గట్టు లేదని తేల్చారు. 2025 సెప్టెంబరులో ఐప్యాడ్ఓఎస్ 26 వచ్చాక కంప్యూటర్‌లో మాదిరి కిటికీలు పేర్చుకుని పని చేసుకునే వీలు కలిగింది. ఆ వీలు కొత్త ఖరీదైన ట్యాబ్‌కే పరిమితం కాలేదు, 2020 నాటి మామూలు ఎనిమిదో తరం ఐప్యాడ్‌కూ దక్కింది. రూపాయి ఖర్చు లేకుండా పాత అద్దం విలువ పెరిగింది.

కాబట్టి తరగతి గదికి సంబంధించినంతవరకు తెర పోరు ముగిసినట్టే. చవక ట్యాబ్ తెర కూడా తెలుగు చదవడానికి చాలు, ఇకపై ప్రతి రూపాయీ సాఫ్ట్‌వేర్ మీద, పాఠం మీద పెట్టాలి. తోటలో మాత్రం ఆ పోరు ముగియలేదు. నిట్టనిలువు ఎండలో పనిచేసే ఉద్యాన సిబ్బందికి చుక్కల సాంద్రత అక్కర్లేదు, వెలుగు కావాలి, మెరుపు తగ్గించే పూత కావాలి, చెమట వేలిని గుర్తుపట్టే గాజు కావాలి. ఆడమ్‌తో ఆగిపోయిన ఆ తెరల బాటను మళ్లీ పట్టుకోవాల్సిన అవసరం అమెరికా సమీక్షకుల కంటే జి. కొండూరు రైతుకే ఎక్కువ.

రేపు ప్రభుత్వం మళ్లీ ట్యాబ్‌ల టెండరు పిలిస్తే అందులో ఈ షరతులు ఉండి తీరాలి. బడి ట్యాబ్ అయితే పాఠాల హక్కు పాఠశాల విద్యాశాఖ చేతిలోనే ఉండాలి, సంస్థ మూతపడినా ఉపాధ్యాయులే వాటిని దిద్దుకునే వీలుండాలి, మూడంతస్తుల తెలుగు అక్షరం చిన్న సైజులో తెగిపోకుండా ముందే పరీక్షించాలి. పొలం ట్యాబ్ అయితే ఎన్ని నిట్ల వెలుగు ఇస్తుందో టెండరులో రాయాలి, మే నెల మధ్యాహ్నం ఆరుబయట పరీక్షించి చూపించాలి, సిగ్నల్ లేనప్పుడు నమోదును భద్రపరిచి, దొరికాక తనంతట తానే పంపే యాప్ దానితోపాటే రావాలి. ఇన్నేళ్ల అనుభవం తర్వాత ఇవి అడగడం గొంతెమ్మ కోరిక కాదు.