చందా పుస్తకం నుంచి పల్లె ప్రకృతి వనం దాకా

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగారు. చిన్ననాటి ముచ్చట్లు మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు కాబట్టి నేను కొంచెం చరిత్ర రాస్తున్నాను. ఊళ్లో నలుగురు కూర్చునే, పిల్లలు ఆడుకునే చెట్ల జాగా ఒకటి మన సంఘం తరఫున ఉండాలని చాలామంది అంటున్నారు. చందాలు, శ్రమదానం అనే మాటలు మళ్లీ వినబడుతున్నాయి. మన రెంజల్, బోధన్ ప్రాంతానికి ఈ మాటలు కొత్తవి కావు. ఇదివరకు ఏది నిలిచింది, ఏది నిలవలేదు అన్నది చూసుకుని ముందుకు పోతే మంచిది.

మన తాతల కాలంలో తోట అంటే సర్కారు పని. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. దాని వెనుక నవాబ్ అలీ నవాజ్ జంగ్ అనే గొప్ప ఇంజనీరు ఉన్నాడు. ఆ కాలువ నీళ్లతోనే ఈ నేలకు వరి, చెరుకు వచ్చాయి. 1937లో చక్కెర కంపెనీ ఏర్పడి బోధన్ పక్కన శక్కర్‌నగర్ వెలసింది. బోధన్ దారిలో అలీసాగర్ జలాశయం, దాని పక్కన ఉద్యానవనం కూడా నిజాం కాలపువే. మనం బడి నుంచి పిక్నిక్‌కు పోయింది అక్కడికే. ఆ తోటకు ఎవరూ చందా ఇవ్వలేదు, ఎవరినీ అడగలేదు. కానీ ఒక్కరే పోషించేదానికి ఒక ప్రమాదం ఉంటుంది. పోషించే చెయ్యి ఆగితే అదీ ఆగుతుంది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు శక్కర్‌నగర్‌ను చూసినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు.

స్వాతంత్ర్యం తర్వాత పద్ధతి మారింది. 1950లో కేంద్రమంత్రి కె.ఎం. మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టారు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం వచ్చి, శ్రమదానం అనే మాటను ఊరూరికీ తెచ్చింది. మన తరం బడిపిల్లలకు జూలై అంటే గుంతలు తవ్వడం, వేప, కానుగ మొక్కలు పెట్టడం. బోరింగు కాడ బొక్కెనలు నింపి వరుసగా మోయడం మనందరికీ తెలుసు. నాటడం ఒక్క పూట పని, పండుగలా జరిగేది. అయితే ఏ బడికైనా ఏప్రిల్ చివర సెలవులిస్తారు. మొక్కకు నీళ్లు ఎక్కువ కావలసింది అప్పుడే. వనమహోత్సవానికి ఆనాటి నుంచీ ఉన్న చిక్కు ఇదే.

మన జిల్లాకు మరో ప్రత్యేకత ఉంది, గ్రామాభివృద్ధి కమిటీ. చేపల చెరువు, చింతచెట్ల కాపు, దుకాణాల హక్కు లాంటివి వేలం పాడి, వచ్చిన డబ్బుతో గుడి, బడి గదులు, బాటలు, బోర్లు చేసుకున్న ఊళ్లు నిజామాబాద్ జిల్లాలో ఎన్నో ఉన్నాయి. సర్కారు నిధి కోసం ఎదురుచూడకుండా ఊరే ఊరిని బాగు చేసుకోవడం చిన్న విషయం కాదు. దీనికి రెండో వైపు కూడా ఉంది. కొన్నిచోట్ల బెల్టు షాపులు కూడా వేలం పాడారు. మాట వినని కుటుంబాలకు జరిమానాలు వేశారు, సాంఘిక బహిష్కరణలు పెట్టారు. కేసులు పోలీసు స్టేషన్ల దాకా పోయాయి. బెదిరించి తీసుకున్నది చందా కాదు, పన్ను. అలాంటి డబ్బుతో వేసిన తోటలో ఆ ఇంటి పిల్లవాడు ధీమాగా ఆడుకోలేడు.

1997 జనవరిలో జన్మభూమి పేరుతో శ్రమదానం మళ్లీ వచ్చింది. తెలంగాణ వచ్చాక 2015 జూలై 3న చిలుకూరులో హరితహారం మొదలైంది. 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని చెప్పింది, ఆ బాధ్యత సర్పంచి, కార్యదర్శుల మీద పెట్టింది. పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించింది. 2020 నుంచి ఊరూరా పల్లె ప్రకృతి వనాలు వెలిశాయి. లెక్క నాటిన మొక్కల నుంచి బతికిన మొక్కల మీదికి మారడం నా దృష్టిలో పెద్ద మార్పు.

డబ్బు పోగుచేసే తీరుకు రెండు ఉదాహరణలు చెప్తాను. హైదరాబాద్ పక్కన బాలాపూర్ గణేశుని లడ్డూ 1994లో 450 రూపాయలకు వేలం పోయింది. 2024లో 30 లక్షల 1 వేయి పలికింది. ఆ డబ్బు ఊరి పనులకు వాడతారు. ఇష్టపడి పాడేవాడే పాడతాడు కాబట్టి ఎవరి మీదా బరువు లేదు. రెండోది న్యూయార్క్ సెంట్రల్ పార్కు. 1970లలో నగరపాలిక చేతిలో డబ్బు లేక ఆ పార్కు పాడుబడింది. 1980లో పౌరులు ఒక సంస్థగా ఏర్పడి విరాళాలు పోగుచేశారు, వాలంటీర్లను కూడగట్టారు. ఇవాళ కూడా స్థలం నగరానిదే. నిర్వహణ ఖర్చులో ఎక్కువ భాగం మాత్రం ఆ సంస్థ తెస్తుంది. వాళ్ల విరాళాలు ప్రారంభోత్సవంతో ఆగిపోలేదు, ఏటా వస్తూనే ఉన్నాయి.

ఇంజనీరును కాబట్టి ఒక చిన్న లెక్క వేస్తాను. 100 మొక్కలు, ఒక్కోదానికి తడవకు 10 లీటర్లు, వారానికి రెండు తడులు, ఫిబ్రవరి నుంచి జూన్ దాకా 20 వారాలు. మొత్తం 40,000 లీటర్లు, అంటే 4,000 లీటర్ల ట్రాక్టరు ట్యాంకర్లు 10. ఇది ఒక్క ఎండాకాలానికి. వేళ్లు లోతుకు దిగేదాకా కనీసం మూడు ఎండాకాలాలు ఇలాగే చూసుకోవాలి. ఫోటోలు తీసుకునేది మొదటి వానాకాలంలో, మొక్కలు ఎండిపోయేది ఆ తర్వాతి ఎండాకాలాల్లో.

అందుకే సంఘానికి నా మనవి ఇది. పోగైన డబ్బులో సగానికి మించి నాటడానికి ఖర్చు పెట్టొద్దు. మిగతాది మూడేళ్ల నీళ్లకు, కంచెకు, చూసుకునే మనిషి కూలికి బ్యాంకులో వేయాలి. ఎవరు ఎంత ఇచ్చారో పేర్లతో పలక పెట్టొద్దు. వంద రూపాయలిచ్చిన దోస్తుకు, లక్ష ఇచ్చిన దోస్తుకు ఆ బెంచీ మీద ఒకే హక్కు ఉండాలి. ఇవ్వలేనివాళ్లు ఆదివారం ఒక గంట పని చేసినా చందా కిందే రాసుకోవాలి. జమాఖర్చులు ఏటా ఉగాదికి పంచాయతీ గోడ మీద అంటించాలి.

స్థలం పంచాయతీదే, నీడ మాత్రం అందరిదీ. జూలైలో పారలు పట్టుకుని ఎంతమంది వస్తారన్న దిగులు నాకు లేదు. మార్చిలో ఎవరి వంతు ఏ వారమో ఇప్పుడే కాగితం మీద రాసుకుందాం. నా పేరు మొదటి వారానికి రాయండి.